ఇటాలిక్కూ, ఇడ్లీలూ, మా నాయినా

ఇది ఒక బగ్ కథ. బగ్ నాదే. కోడ్ రాసిందీ నేనే, స్క్రీన్ చూసి "బానే ఉంది కదా" అన్నదీ నేనే. దానివల్ల ఇబ్బంది పడింది మాత్రం మా నాయిన. అది చాలదన్నట్టు ఆయన్నే కసిరాను కూడా. కాబట్టి ఈ టపా సగం క్షమాపణ, సగం ఫాంట్ల గోల. ఫాంట్లంటే బోరు అనుకునేవాళ్ళు మధ్యలో నాలుగు పేరాలు దాటేసి చివరికి వెళ్ళిపోవచ్చు, నేనేమీ అనుకోను :)

ముందు కొంచెం ఫ్లాష్‌బ్యాక్. మాది పాతబస్తీ, లాల్‌దర్వాజ. మా నాయిన ఛత్తా బజార్‌లో కంపోజిటర్. సాలార్‌జంగ్ మ్యూజియం దాటి పురానీ హవేలీ వైపు వెళ్తే వచ్చే ఆ ప్రెస్సుల వీధి తెలియని హైదరాబాదీ ఉండడు. పెళ్ళి పత్రికల కోసం ఒక్కసారైనా అందరూ అక్కడికి వెళ్ళినవాళ్ళే. తెలుగు సీసపు అక్షరాల కేసు ముందు ఇరవై ఆరేళ్ళు నిలబడి, ఒక్కో అక్షరం ఏరి స్టిక్కులో పేర్చిన మనిషి మా నాయిన. ప్రూఫులు కూడా ఆయనే దిద్దేవాడు. అక్షరం తలకిందులుగా, అద్దంలో చూసినట్టు ఉన్నా గడగడా చదివేస్తాడు. చిన్నప్పుడు అది ఏదో మంత్రవిద్య అనుకునేవాణ్ణి. డీటీపీ వచ్చాక 1998లో ఆ పని పోయింది. నేను ఇంజనీరింగ్ చదువుతూ పేజ్‌మేకర్, అను ఫాంట్లు నేర్పిస్తానంటే, "నీ కంప్యూటర్ల అక్షరానికి బరువు లేదురా" అని నవ్వి ఊరుకున్నాడు.

ఇక బగ్ సంగతి. మా క్లయింట్ ఒక క్లినిక్కుల కంపెనీ. పేరు వద్దులెండి. రక్తపరీక్షకి అపాయింట్‌మెంట్ బుక్ చేసుకుంటే ఫోన్లో ఒక పేజీ తెరుచుకుంటుంది. ఎక్కడికి రావాలి, ఎన్నింటికి రావాలి, ఏం తినాలి, ఏం తినకూడదు, అన్నీ ఇంగ్లీష్, తెలుగు, ఉర్దూ మూడు భాషల్లో. ఆ పేజీ మా టీమ్‌ది.

క్లయింట్ బ్రాండ్ ఫాంట్ ఒకటుంది. లావు, గుండ్రం, వాలు, మూడూ కలిపి. బోల్డ్ రౌండెడ్ ఇటాలిక్ శాన్స్ సెరిఫ్ అన్నమాట. ఇలాంటి అక్షరాలు మనం రోజూ చూస్తూనే ఉంటాం. గీత చివర కోసినట్టు కాకుండా వేలికొసలా గుండ్రంగా ముగుస్తుంది. ఫోక్స్‌వాగన్ కోసం 1979లో చేసిన వ్యాగ్ రౌండెడ్ ఈ జాతిలో పెద్ద పేరున్నది. ఆపిల్ కీబోర్డుల మీద చాలా ఏళ్ళు కనపడింది కూడా అదే. మన మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో వచ్చే ఏరియల్ రౌండెడ్ కూడా ఆ చుట్టమే. గుండ్రటి కొస చూస్తే మనిషికి భయం వెయ్యదు. అందుకే బిస్కెట్లు, బొమ్మలు, పిల్లల డాక్టర్లు, అందరికీ అవే కావాలి. లావు చేస్తే దూరం నుంచి కనపడుతుంది. కుడికి వాలిస్తే కదులుతున్నట్టు, త్వరగా పనైపోతుందన్నట్టు ఉంటుంది. కొరియర్ కంపెనీలకి అందుకే అంత వాలు. రక్తం తీసే కంపెనీకి "భయం లేదు, తొందరగా అయిపోతుంది" అని చెప్పుకోవాలంటే ఇంతకన్నా మంచి ఫాంట్ ఏముంటుంది? ఇంగ్లీష్‌లో నిజంగానే ముచ్చటగా ఉంది.

మరి తెలుగుకి? ఆ బ్రాండ్ ఫాంట్‌లో తెలుగు లేదు. జోడీ వెతికే పని నాకిచ్చారు. ముంబయి ఎక్ టైప్ వాళ్ళ బాలూ అనే ఫాంట్ కుటుంబం గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. లావుగా, బొద్దుగా, గుండ్రంగా ఎలుగుబంటిలా ఉంటుంది. ఒక్కో లిపికీ ఒక్కో వరస పెట్టి పిలిచారు. గుజరాతీకి బాలూ భాయ్, తమిళానికి బాలూ తంబి, మలయాళానికి బాలూ చేట్టన్, తెలుగుకి బాలూ తమ్ముడు, ఉర్దూ అరబీలకి బాలూ భాయ్‌జాన్. పాతబస్తీలో పుట్టినవాడికి తమ్ముడూ భాయ్‌జానూ ఒకే ఇంట్లో కనపడితే ఆగుతాడా? రెండూ పెట్టేశాను. ఇంగ్లీష్ సీఎస్ఎస్ క్లాసులో బోల్డ్, ఇటాలిక్ అని రాసి ఉంటే, అదే క్లాసు మూడు భాషలకీ తగిలించాను. ఇరవై ఏడు అంగుళాల మానిటర్ మీద చూసుకుని మురిసిపోయాను. రిలీజ్ అయిపోయింది. రెండేళ్ళు ఎవరూ ఏమీ అనలేదు.

పోయిన ఏడాది మా నాయినకి షుగర్ పరీక్ష చేయించాల్సి వచ్చింది. మన పేజీయే కదా అని గర్వంగా ఆయన ఫోన్లోనే బుక్ చేశాను. నేను పొద్దున్నే ఆన్‌సైట్ వాళ్ళతో కాల్‌లో ఉన్నాను, ఆయన ఒక్కడే ఆటో ఎక్కి వెళ్ళాడు. గంటన్నరకి తిరిగొచ్చాడు. రక్తం తీయలేదట. ఎందుకంటే పొద్దున్నే నాలుగు ఇడ్లీలు తిని వెళ్ళాడు. రేపు మళ్ళీ రమ్మన్నారు.

నాకు చిరాకేసింది. "ఏంది నాయినా, మెసేజ్‌లో అంత స్పష్టంగా రాసి ఉంది కదా. చదువుకోవా?" అన్నాను.

చదువుకోవా అని. ఎవరితో? ఇరవై ఆరేళ్ళు ఊరందరి తప్పులూ దిద్దిన మనిషితో. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాను, కానీ అప్పటికే అనేశాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఫోన్ తెచ్చి నా లాప్‌టాప్ పక్కన పెట్టి, "ఇగో, ఏడ రాసినవో నువ్వే చదువు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

చదివాను. అంటే చదవడానికి ప్రయత్నించాను. పైన పెద్దగా తేదీ, సమయం ఉన్నాయి. కింద పన్నెండు పిక్సెళ్ళలో నారింజ రంగులో ఏదో నలిగిన తాడులాంటిది ఉంది. అది "పరగడుపున రావాలి" అని నాకు తెలుసు కాబట్టి కనపడింది. తెలియనివాళ్ళకి అది ఒక డిజైను. గీత అనుకుని దాటేస్తారు.

ఆ రాత్రి కూర్చుని చూస్తే తేలింది ఏమిటంటే, నేను వాడిన ఆ మొదటి బాలూ తమ్ముడులో ఉన్నది ఒకే ఒక్క బరువు. అది పుట్టుకతోనే లావు. కానీ బ్రౌజర్‌కి అది రెగ్యులర్ అనే పరిచయం. నేను బోల్డ్ అడిగాను. బోల్డ్ ఫైల్ లేదు. లేదని ఊరుకోదు కదా, ఉన్న అక్షరం చుట్టూ ఇంకాస్త మందం పూసి దొంగ బోల్డ్ తయారుచేసింది. లావు మీద లావు. ఇటాలిక్ అడిగాను. అదీ లేదు. అక్షరాన్ని పట్టుకుని దాదాపు పద్నాలుగు డిగ్రీలు పక్కకి నెట్టింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. మనవాళ్ళలో కొందరుంటారు చూడండి, క్లయింట్ ఏది అడిగినా "ఎస్" అనేవాళ్ళు, అలాంటి బాపతు అన్నమాట.

నెట్టడం అంటే కాలేజీలో చదివిన షీర్ ట్రాన్స్‌ఫర్మేషనే. బేస్‌లైన్ మీద ఉన్నది అక్కడే ఉంటుంది. పైకి వెళ్ళేకొద్దీ కుడికి జరుగుతుంది, ఎత్తులో పావు వంతు. బేస్‌లైన్ కింద ఉన్నది ఎడమకి జరుగుతుంది. ఇంగ్లీష్‌లో ఎక్కువ సరుకు బేస్‌లైన్ పైనే ఉంటుంది కాబట్టి పెద్ద నష్టం లేదు. మనది మూడంతస్తుల లిపి. నెత్తిన తలకట్టో, గుడో, ఏత్వమో. మధ్యలో ఒళ్ళు. కింద వొత్తు. నెడితే నెత్తినున్నది కుడికీ, వొత్తు ఎడమకీ పోతాయి. గుడి ఎత్తు ఎమ్ లో 0.8, వొత్తు లోతు 0.4 అనుకుంటే, రెండూ కలిపి 0.3 ఎమ్ ఎడం. పదహారు పిక్సెళ్ళ అక్షరంలో అది దాదాపు ఐదు పిక్సెళ్ళు. నిజానికి ప్రతి అడ్డవరసా ఒకేలా జరుగుతుంది కాబట్టి అక్షరాల మధ్య ఖాళీ మారదు. కానీ కన్ను తెలుగుని నిలువుగా పేర్చుకుని చదువుతుంది. "చక్రం" రాస్తే క కింద ఉండాల్సిన రావొత్తు చ కాళ్ళ దగ్గరికి చేరినట్టు అనిపిస్తుంది. ఖాళీలని మింగే పని దొంగ బోల్డ్ చూసుకుంటుంది.

తలకట్టు సంగతి ఇంకా ఘోరం. అది అసలే టిక్కు మార్కు, ముందే ఏటవాలు. నెడితే దాని కుడి చెయ్యి ఇంకా పడుకుంటుంది, ఎడమ చెయ్యి నిటారుగా లేస్తుంది. "పరగడుపున"లో దాదాపు అన్నక్షరాలకీ తలకట్టే. ఇక ద, ధ; డ, ఢ; ప, ఫ జతల్లో తేడా అంతా కిందనుండే చిన్న గీతే. లావెక్కిస్తే మొదట మునిగిపోయేది ఆ గీత.

మర్నాడు నాయిన మళ్ళీ వెళ్ళాడు, ఈసారి నేనే తీసుకెళ్ళాను. పరీక్ష అయ్యాక ఇడ్లీ తినిపించి (ప్రాయశ్చిత్తం), "ఛత్తా బజార్ పోదామా?" అన్నాను. మొహం వెలిగింది.

ఆయన పనిచేసిన ప్రెస్సు ఇప్పుడు లేదు. కానీ రెండు గల్లీల అవతల ఆయన పాత స్నేహితుడు కాతిబ్ చాచా ఉన్నాడు. ఉర్దూ చేతిరాత మనిషి. ఒకప్పుడు ఉర్దూ పత్రికలన్నీ కాతిబ్‌లే రాసేవాళ్ళు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ మోనోటైప్ కంపెనీతో కలిసి నూరీ నస్తాలీఖ్ తయారుచేశాడు. ఇరవై వేల దాకా అక్షరాల కూర్పులు ఒక్కొక్కటీ గీసి పెట్టిన ఫాంట్ అది. 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. అంతే, మా నాయిన కేసుకి ఏమైందో చాచా కలానికీ అదే అయ్యింది. ఇప్పుడు పెళ్ళి పత్రికల మీద పేర్లు రాయడం, పైకులు తయారుచేసుకునే ముసలి కలం, ఒక బల్ల. నాయినకన్నా నాలుగేళ్ళు పెద్ద. నాయిన ఆయన్ని భాయ్‌జాన్ అంటాడు, ఆయన వచ్చీరాని తెలుగులో "తమ్ముడూ" అంటాడు. మీకు అర్థమైంది కదా నేను ఆ ఫాంట్ పేర్లకి ఎందుకు పడిపోయానో.

ఫోన్ తీసి ఉర్దూ పేజీ చూపించాను. చాచా కళ్ళద్దాలు పైకి జరిపి చూసి, "యే అరబీ హై క్యా?" అన్నాడు. అది నస్ఖ్ తరహా అక్షరం మరి. హైదరాబాద్‌లో ఉర్దూ అంటే నస్తాలీఖే. పైగా దాన్నీ నా కోడ్ కుడికి వాల్చింది. కుడి నుంచి ఎడమకి నడిచే లిపిని కుడికి వాలిస్తే ముందుకి నడుస్తున్న మనిషి వెనక్కి పడిపోతున్నట్టు ఉంటుంది. "మరి నస్తాలీఖ్‌లో ఇటాలిక్ ఎలా చేస్తారు చాచా?" అన్నాను. ఆయన నవ్వాడు. "మియాఁ, నస్తాలీఖ్ పైలే సేచ్ ఝుకీ వీ హై. ఉస్కు హౌర్ కిత్తా ఝుకాతే?" నిజమే, నస్తాలీఖ్‌లో ప్రతి మాటా కుడి పైనుంచి మొదలై ఎడమ కిందికి జారుతూ వస్తుంది. ముందే వంగి ఉన్నదాన్ని ఇంకెంత వంచుతావు?

మరి ఒక మాట మీద నొక్కు కావాలంటే? చాచా సన్న కలం తీసి ఒక వాక్యం రాశాడు, మధ్యలో ఒక్క మాట వెడల్పు కలంతో రాశాడు. సన్నది ఖఫీ, వెడల్పుది జలీ. మాట పైన గీత గియ్యొచ్చు. కవి కలం పేరైతే దాని మీద వేరే చిన్న గుర్తే ఉంది. వంచడం మాత్రం లేదు.

నాయినకి హుషారొచ్చింది. "మా కేసుల గూడ వంకర టైపు లేకుండె. పెద్ద మాట అంటే పెద్ద పాయింట్ల పెడ్తుంటిమి. లేకుంటె నడుమ ఖాళీ, చుట్టు రూళ్ళు. పెండ్లి కార్డుల ముహూర్తం ఎర్ర సిరా. గంతే." తరవాత నా ఫోన్ మళ్ళీ చూసి, "అక్షరం నిలవడితేనే చెప్పవడ్తది బిడ్డా. గిట్ల పండవెడితె దాని నోట్ల మాట ఏం వస్తది?" అన్నాడు. చదువుకోవా అన్న నా మాటకి ఆయన ఇచ్చిన జవాబు అదొక్కటే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే ఇటాలిక్ మీద పగ పట్టినవాడిలా ఉంటాను. ఇంగ్లీష్ ఇటాలిక్ కూడా పుట్టినప్పుడు పక్కకి నెట్టిన అక్షరం కాదు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ దాన్ని మొదటిసారి పుస్తకానికి వాడాడు, అచ్చు కోసం చెక్కినవాడు ఫ్రాన్సెస్కో గ్రిఫో. అప్పటివాళ్ళ గొలుసుకట్టు చేతిరాత అది. పుస్తకం మొత్తం అందులోనే వేసేవాళ్ళు, ఒక మాట నొక్కడానికి వాడటం తరవాతి సంగతి. ఇప్పటికీ మంచి ఇటాలిక్ అంటే వేరేగా గీసిన అక్షరమే. మనకీ వాలు రాత లేదని కాదు. లారీల వెనక, ఆటోల మీద, సినిమా పోస్టర్ల మీద పెయింటర్లు వాలుగా, లావుగా, గుండ్రంగా ఎంత అందంగా రాశారో. పోస్టర్ల ఈశ్వర్ కుంచె ఎవరు మర్చిపోతారు? వాళ్ళు వాల్చినప్పుడు తలకట్టు ఎక్కడుండాలో, వొత్తు ఎంత జరగాలో చేతికి తెలుసు. బ్రౌజర్‌కి తెలియదు. దానికి 0.25 అనే నంబరొక్కటే తెలుసు.

ఆఫీసులో టికెట్ వేశాను. ఊహించినట్టే "బ్రాండ్ గైడ్‌లైన్" అన్నారు. ఇటాలిక్ తీసేస్తే ఐడెంటిటీ పోతుందట. వాదించి లాభం లేదని ఒక పని చేశాను. టీమ్‌లో నలుగురి అమ్మానాన్నలకి ఆ స్క్రీన్‌షాట్ వాట్సాప్ చేయించి, పరీక్షకి ముందు ఏం తినొచ్చో చెప్పమన్నాం. ఒక్కరు చెప్పారు. మిగతా ముగ్గురూ టైమ్ ఒక్కటే చెప్పారు. ప్రాజెక్ట్ మేనేజర్ వాళ్ళ అమ్మగారు ఆ ముగ్గురిలో ఒకరు కావడంతో మీటింగ్ త్వరగా ముగిసింది :)

ఏం మార్చామో రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ఇంగ్లీష్ బ్రాండ్ ఫాంట్ అలాగే లావుగా, గుండ్రంగా, వాలుగా ఉంది, దాని జోలికి పోలేదు. తెలుగు, ఉర్దూలకి లాంగ్వేజ్ సెలెక్టర్‌తో ఫాంట్ స్టైల్ నార్మల్ చేశాం. ఫాంట్ సింథసిస్ అని ఒక సీఎస్ఎస్ ప్రాపర్టీ ఉంది, దానికి నన్ అని పెడితే బ్రౌజర్ దొంగ బోల్డూ, దొంగ ఇటాలిక్కూ తయారుచెయ్యదు. 2022 నుంచి క్రోమ్‌లో కూడా పనిచేస్తోంది. తెలుగు మామూలు మాటలకి సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన మండలి. ముఖ్యమైన మాటకి బాలూ తమ్ముడు 2, ఇందులో వేర్వేరు బరువులు నిజంగా గీసినవే ఉన్నాయి. వాలు లేకుండా, పద్దెనిమిది పిక్సెళ్ళలో, చుట్టూ గీతల డబ్బాతో. అంటే నాయిన చెప్పిన "పెద్ద పాయింట్, చుట్టు రూళ్ళు". ఉర్దూకి నోటో నస్తాలీఖ్, ఇంకొంచెం పెద్ద సైజు, పంక్తుల మధ్య బాగా ఎక్కువ ఎడం. నస్తాలీఖ్ కిందికి జారుతూ వస్తుంది కాబట్టి ఇంగ్లీష్ లైన్‌హైట్ దానికి చాలదు. ఇదంతా కలిపి ఒక రోజు పని. రెండేళ్ళు పట్టింది ఆ పని చెయ్యడానికి కాదు, చెయ్యాలని తెలియడానికి.

కొత్త బిల్డ్ వచ్చిన రోజు ముందు నాయిన ఫోన్లోనే తెరిచి ఇచ్చాను. కళ్ళద్దాలు వెతుక్కోలేదు. చెయ్యి చాపి దూరం పెట్టుకుని చదివాడు. పెదాలు కదుపుతూ, వెనకటి ప్రూఫుల్లాగా, చివరిదాకా. నేను పరీక్ష ఫలితాల కోసం చూసినట్టు చూస్తున్నాను.

"ఇప్పుడు మంచిగ కనవడ్తుంది" అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపు చూపుడువేలు స్క్రీన్ మీద పెట్టి, "పరిగడుపున కాదు బిడ్డా, పరగడుపున. ర కు గుడి ఎందుకొచ్చింది?" అన్నాడు.

రెండేళ్ళుగా ఆ తప్పు అక్కడే ఉంది. రాసినవాళ్ళు, రివ్యూ చేసినవాళ్ళు, టెస్ట్ చేసినవాళ్ళు, ఆ పేజీ తెరిచిన అంతమంది, ఎవరికీ కనపడలేదు. అంత వాలులో గుడేదో తలకట్టేదో ఎవడికి తెలుస్తుంది?

ఇంకో టికెట్ వేశాను. రిపోర్ట్ చేసింది ఎవరు అన్న చోట నాయిన పేరు రాశాను.